మూడు బోర్డులు, ఒకటే గల్లాపెట్టె

పాలకొల్లు చుట్టుపక్కల ఒక ఊరి నుంచి ఒక పాఠకుడు రాసిన ఆరు పేజీల ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వీలున్న చిన్న చిన్న వివరాలు నేనే మార్చాను.

ఆయనకు 43 ఏళ్లు. తండ్రిది మూడెకరాల వరి చేను. 2011లో అప్పు చేసి రొయ్యల మేత, మందుల షాపు పెట్టారు. వనామీ రకం రొయ్య సాగు అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజులు కావడంతో షాపు బాగా నడిచింది. 2014లో చెరువులు లీజుకు తీసుకోవడం మొదలుపెట్టి ఇప్పుడు 20 ఎకరాలు సాగు చేస్తున్నారు. వాటిని బావమరిది చూసుకుంటాడు. 2018లో స్నేహితుడితో కలిసి ఐసు ఫ్యాక్టరీలో సగం వాటా తీసుకున్నారు. 2022లో భీమవరం రోడ్డు మీద ఫంక్షన్ హాలు కట్టారు. దానికి పదేళ్ల గడువుతో కోటీ 20 లక్షల బ్యాంకు లోను ఉంది. చివర్లో డబ్బు చాలక, షాపు పేరున ఉన్న 60 లక్షల క్యాష్ క్రెడిట్ ఖాతాలోంచి తీసి ఏసీలు, భోజనాల హాలు పూర్తి చేశారు.

2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. రొయ్య రేటు పడింది. అరువు మీద మేత తీసుకున్న రైతులు కట్టలేకపోయారు. ఇప్పుడు 85 లక్షలు బయట ఉన్నాయి. "అడిగితే అందరూ మనవాళ్లేనండి, ఎవరి గుమ్మం ఎక్కను?" అని రాశారు.

ఒక రాత్రి జరిగింది ఆయన మాటల్లోనే ఇస్తాను. "హాల్లో పెళ్లి. రాత్రి రెండింటికి ఏసీలు ఆగిపోయాయి. పెళ్లికూతురి తండ్రి నా మీద కేకలేస్తున్నాడు. అదే టైముకి చెరువు కాపలా కుర్రాడి ఫోను. కరెంటు పోయింది, జనరేటర్ స్టార్టవడం లేదు, బ్యాటరీ దిగిపోయింది అన్నాడు. మా బావమరిది కూడా వడ్డనకి సాయంగా హాల్లోనే ఉన్నాడు. పదకొండు కిలోమీటర్లు బండి మీద వెళ్లేసరికి రొయ్య గట్టుకి చేరి పైకి తేలిపోయింది. 72 రోజుల పంటండి. నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు కదలకుండా నిలబడి ఉన్నాయి."

ఇప్పుడు కాకినాడ వైపు తీరంలో ఒక హేచరీలో (రొయ్య పిల్లల్ని, అంటే సీడుని, తయారుచేసే చోటు) పావు వాటా ఇస్తామని తెలిసినవాళ్లు అడుగుతున్నారు. 40 లక్షలు కావాలి. దానికోసం భార్య పేరున ఉన్న 12 సెంట్ల స్థలం తాకట్టు పెడదామంటే ఆమె సంతకం పెట్టనంటున్నారు. "వారం నుంచి అన్నం పెడుతుంది గానీ మాట్లాడటం లేదు. హేచరీ కూడా ఉంటే సీడు, మేత, చెరువు, ఐసు అన్నీ మన చేతిలోనే ఉంటాయి కదండీ. ఒకచోట పోయినా ఇంకోచోట వస్తుంది. నా ఆలోచన తప్పా? ఒక్కడినే మోయలేకపోతున్నాను. ఏదైనా మూసేస్తే ఊళ్లో తల ఎత్తుకోలేను."

ఐదో పేజీ చివర ఒక్క ముక్క ఉంది: "మా ఆవిడ 2016 నుంచి లేసు పని చేయిస్తుంది, ఓ 70 మంది ఆడవాళ్లు చేస్తారు. హాలు కిస్తీ మూడు నాలుగు సార్లు అందులోంచే కట్టాం."

* * *

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తేలిపోయిన ఆ చెరువు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 72 రోజులు పెంచిన పంట కళ్ల ముందు పోవడం ఎలా ఉంటుందో చెరువు గట్టు మీద నిద్రపోయినవాళ్లకే తెలుస్తుంది. మీరు సోమరితనం వల్లో, దుబారా వల్లో ఇక్కడికి రాలేదు. పదిహేనేళ్లు కష్టపడి వచ్చారు. ఇక అసలు విషయానికి వస్తాను.

"ఒకచోట పోయినా ఇంకోచోట వస్తుంది" అన్నారు. మీ లెక్క అంతా ఈ మాట మీదే నిలబడి ఉంది కాబట్టి ముందు దీన్నే చూద్దాం. రొయ్య రేటు పడితే మీ చెరువుల్లో నష్టం. ఊళ్లో చెరువులు ఎండగడితే మీ షాపులో మేత కదలదు, పాత బాకీ రాదు. పట్టుబడులు తగ్గితే ఐసు అమ్ముడుపోదు. రేపు హేచరీ పెడితే, చెరువుల్లో నీళ్లు పెట్టనివాడు సీడు ఎందుకు కొంటాడు? హాలు మాటేమిటంటారా? మీ హాల్లో పెళ్లిళ్లు చేసేది ఎవరు? ఆక్వా రైతులే. పంట పోయిన ఏడాది వాళ్లు పెళ్లి ఇంటి ముందు పందిట్లోనే చేసుకుంటారు. మన రొయ్యకు అన్నిటికంటే పెద్ద మార్కెట్ అమెరికా. అక్కడ ఒక సంతకం పడితే మీ నాలుగు వ్యాపారాలూ ఒకే నెలలో కుదేలయ్యాయి. మీరు విడివిడిగా పెట్టాననుకున్నవి నాలుగు గదులున్న ఒకే ఇల్లు. హేచరీ ఐదో గది.

నేను 28 ఏళ్లు బ్యాంకులో పనిచేశాను. 1995లో తీరానికి దగ్గరగా ఉన్న ఒక బ్రాంచిలో ఉన్నప్పుడు టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ తెగులు వచ్చింది. మా ఖాతాదారు ఒకాయనకు చెరువులు, రెండు లారీలు, మందుల షాపు ఉండేవి. మూడు సంపాదనలు ఉన్న మనిషి కదా అని మేమూ ధైర్యంగా అప్పిచ్చాం. చెరువులు పోయిన నెలలోనే లారీలకు లోడు లేదు, షాపుకి మనిషి లేడు. లారీ తాళాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టిన ఆయన చేతులు నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు ఆయన ఒక్కడిదే కాదు, మాది కూడా. మూడు పేర్లు చూశాం గానీ మూడింటికీ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో చూడలేదు.

రెండో విషయం. "చెరువుల్లో కాస్తో కూస్తో మిగులుతోంది, షాపే ముంచుతోంది" అని రాశారు. ఈ మాట నిజమో కాదో మీకే తెలియదని నా అనుమానం. ఎందుకంటే రెండో పేజీలో "మా చెరువులకి మేత మన షాపు నుంచే వెళ్తుంది, బిల్లు రాయం" అన్నారు. ఒక లెక్క వేసి చూడండి. 20 ఎకరాలు, ఎకరానికి రెండు టన్నుల చొప్పున 40 టన్నుల పట్టుబడి అనుకుందాం. కిలో రొయ్యకి కిలోన్నర మేత వేసుకుంటే 60 టన్నులు. పాతిక కిలోల బస్తాలు 2,400. మేత కిలో వంద అనుకుంటే ఒక్క పంటకే 60 లక్షల సరుకు షాపులోంచి బిల్లు లేకుండా చెరువుల్లోకి వెళ్లిపోయింది. అది చెరువు ఖర్చు. పడాల్సింది చెరువు పద్దులో. ఐసుది కూడా ఇదే కథ. మీ పట్టుబడికి ఐసు ఊరికే వస్తుంటే ఆ ఐసు విలువలో సగం, అంటే మీ పార్ట్‌నర్ వాటా, మీరు తింటున్నట్టు. ఆయన ఇప్పటిదాకా అడగకపోతే అది స్నేహం. రేపు అడిగితే గొడవ.

కాబట్టి ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనే ప్రశ్నకు ఇవాళ మీ దగ్గర జవాబు లేదు, నా దగ్గరా లేదు. ముందు నాలుగు నోటు పుస్తకాలు కొనండి. షాపు, చెరువులు, ఐసు, హాలు. గడిచిన పన్నెండు నెలలది ఒక్కోదానికి విడిగా రాయండి. షాపు నుంచి చెరువుకి వెళ్లిన ప్రతి బస్తాకీ బయటి రైతుకి వేసే రేటే వేయండి. బావమరిదికి మీరు చేతి ఖర్చులకిచ్చే డబ్బు కాకుండా, ఆ పనికి బయటి సూపర్‌వైజర్‌ని పెడితే ఎంత ఇవ్వాలో అంత రాయండి. మీ రోజులో ఎన్ని గంటలు దేనికి పోతున్నాయో అదీ రాయండి. అరువు మీద వడ్డీ తప్పకుండా రాయండి. 85 లక్షలకు ఏడాదికి 11 శాతం అనుకున్నా నెలకు దాదాపు 78 వేలు. ఆ రైతులకి మీరు మేత అమ్మడంతో పాటు వడ్డీ లేని అప్పు కూడా ఇస్తున్నారు. బస్తా మీద మీకు మిగిలేది ఎన్ని నెలల వడ్డీకి సరిపోతుందో మీకే అర్థమవుతుంది. పది రోజుల పని ఇది. చేయకుండా తీసుకునే నిర్ణయం ఏదైనా చీకట్లో రాయి విసరడమే.

బ్యాంకు సంగతి కాస్త గట్టిగా చెప్పాలి. క్యాష్ క్రెడిట్ డబ్బు సరుకు కొని, అమ్మి, తిరిగి కట్టడానికి ఇచ్చేది. మీరు దాన్ని గోడల్లో, ఏసీల్లో పెట్టారు. గోడ అమ్ముడుపోదు, డబ్బు వెనక్కి రాదు, లిమిట్ ఎప్పుడూ నిండే ఉంటుంది. ఇప్పుడు షాపుకి కొత్త సరుకు కొనడానికి రెండు రూపాయల వడ్డీకి బయట తెస్తున్నారని కూడా రాశారు. అంటే ఏడాదికి 24 శాతం. హాలు కిస్తీ, పది శాతం వడ్డీ లెక్కన, నెలకు లక్షా 58 వేలు పైమాటే. ఆషాఢంలోనూ, మూఢాల్లోనూ ముహూర్తాలు ఉండవు, కిస్తీకి మాత్రం మూఢం లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి. వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండిబాకీ అవుతుంది. ఆ లెక్క ఖాతా వారీగా ఆగదు, అప్పు తీసుకున్న మనిషి మీదికి వెళ్తుంది. హాలు లోను జారితే, అదే బ్యాంకులో మీ పేరున ఉన్న షాపు క్యాష్ క్రెడిట్ ఎంత శుభ్రంగా ఉన్నా దాన్నీ మొండిబాకీ కిందే కడతారు. హాలూ షాపూ రెండూ మీ సొంత పేరు మీదే నడుస్తున్నాయి కాబట్టి బాకీ మీ ఇంటిదాకా వస్తుంది.

ఇదంతా జరగకముందే మేనేజరు దగ్గరికి వెళ్లండి. వాయిదా తప్పాక వెళ్లినవాడి మాటకీ, తప్పకముందు వెళ్లినవాడి మాటకీ బ్యాంకులో విలువ వేరు. క్యాష్ క్రెడిట్‌లోంచి హాలుకి మళ్లిన మొత్తాన్ని విడిగా టర్మ్ లోనుగా మార్చి నెలనెలా కట్టుకునే వీలు కల్పించమని అడగొచ్చు. డబ్బు మళ్లించానని ఒప్పుకోవాల్సి వస్తుంది. కాస్త మాట పడతారు. వాళ్లు కాదనే అవకాశమూ ఉంది. అయినా స్టాకు తనిఖీకి వచ్చి వాళ్లే కనిపెట్టడం కంటే ఇది నయం.

ఇప్పుడు ఆ ఐదో పేజీ చివరి ముక్క. మీ ఉత్తరంలో షాపు గురించి పేజీన్నర ఉంది, హాలు గురించి పేజీ ఉంది. లేసు గురించి రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాల్లో ఉన్నదేమిటో చూడండి. తొమ్మిది పదేళ్లుగా నడుస్తోంది, 70 మందికి పని ఇస్తోంది, లోను ఊసు లేదు, మీ హాలు కిస్తీ కట్టింది. నరసాపురం లేసుకి ఇవాళ జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే ముద్ర) కూడా ఉంది. దానికి బోర్డు లేదు కాబట్టి మీ లెక్కలోకి రాలేదా? ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని, దారం వేలికి చుట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ అల్లే పని కావడం వల్ల వ్యాపారంలా కనిపించలేదా? దాన్ని గొప్ప చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. అదీ ఎగుమతి సరుకే. మీ ఆవిడ ఇచ్చే సరుకు చివరికి ఏ దేశం వెళ్తుందో ఆమెనే అడగండి. అమెరికా అయితే సుంకం దెబ్బ అక్కడా తగిలి ఉంటుంది. యూరప్ అయితే మీ ఇంట్లో రొయ్యతో సంబంధం లేని సంపాదన అదొక్కటే. ఐదో నోటు పుస్తకం కొని ఆమె చేతికివ్వండి, రాసేది ఆమే.

ఆమె సంతకం పెట్టనన్నది మొండితనంగా రాశారు. నాకు అలా అనిపించలేదు. మీ నాలుగు వ్యాపారాలకీ తగలని స్థలం అదొక్కటే. దాన్ని కూడా అదే తాడుకి కడితే రేపు పట్టుకోవడానికి ఏమీ ఉండదని ఆమెకి తెలుసు. మాట్లాడటం లేదంటే చెప్పాల్సింది చెప్పేసిందని అర్థం. నోటు పుస్తకాలు నిండాక ఆమె ముందు కూర్చుని అన్నీ చదివి వినిపించండి. సంతకం ఊసు ఆ రోజు ఎత్తొద్దు.

మీ ముందున్న దారులు ఇవి. వేటికవే ఖరీదైనవి.

హేచరీలో చేరడం ఒకటి. దాన్ని పూర్తిగా కొట్టిపారేయను. మంచి సీడుకి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, మీకు రైతులు తెలుసు. కానీ తల్లి రొయ్యలు ఎక్కువగా బయటి దేశాల నుంచి రావాలి, కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ అనుమతి ఉండాలి, ఒక్క బ్యాచ్‌లో వైరస్ తగిలితే పేరు పోతుంది. పైగా మీ షాపులో అరువు తీసుకున్న రైతుకే సీడు కూడా అమ్ముతారు. చెరువు పోతే "మీ సీడు వల్లే పోయింది" అని మేత బాకీ కూడా ఆపుతాడు. అడిగినవాళ్లని మూడేళ్ల బ్యాలెన్స్ షీట్లు, అనుమతి కాగితాలు చూపించమనండి. వాళ్లకి మీ డబ్బు ఇప్పుడే ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా అడగండి. తాకట్టు లేకుండా, మీ మిగులులోంచి పెట్టగలిగిన రోజు వస్తే అప్పుడు ఆలోచించొచ్చు. ఆ రోజు ఇవాళ కాదని నా అభిప్రాయం.

ఏదీ అమ్మకుండా అన్నిటినీ కుదించడం ఇంకొకటి. ఉగాదికి 12 ఎకరాల లీజు అయిపోతుందని రాశారు. అది వదిలేసి ఎనిమిది ఎకరాలే చేస్తే మేత ఖర్చు, కూలీ, రాత్రుళ్ల టెన్షన్ సగానికి పైగా తగ్గుతాయి. వదిలిన చెరువు మళ్లీ అదే రేటుకి దొరక్కపోవచ్చు, అది నష్టమే. షాపులో కొత్త అరువు ఆపేస్తే కొందరు రైతులు పక్క షాపుకి వెళ్తారు, వాళ్లతో పాటు వాళ్ల బాకీ కూడా కొన్నాళ్లు కనిపించదు. అందుకని ఒక్కసారిగా తెగ్గొట్టకుండా, పాత బాకీలో ఇంత కడితే కొత్తగా ఇన్ని బస్తాలు అని పెట్టుకోండి. 85 లక్షలనీ ఒకే గాటన కట్టొద్దు. పట్టుబడి వస్తే కట్టేవాడెవరు, చెరువే మానేసినవాడెవరు అని పేరు పేరునా విడగొట్టండి. మానేసినవాళ్ల దగ్గర కనీసం రాతపూర్వకంగా బాకీ ఒప్పుకోలు తీసుకోండి. బాకీకి చట్టం ఇచ్చే గడువు మామూలుగా మూడేళ్లే. గడువు దాటకముందు సంతకం ఉంటే అది మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది. మనవాడే కదా అని ఊరుకున్న మూడేళ్లలో మీ డబ్బు కాగితం మీద కూడా లేకుండా పోతుంది.

హాలు మూడోది. అమ్మొచ్చు, లీజుకివ్వొచ్చు. అమ్మితే ఇప్పుడు మంచి ధర రాకపోవచ్చు, పన్ను సంగతి ఆడిటర్‌తో చూసుకోవాలి, కానీ లోను తీరి క్యాష్ క్రెడిట్ ఖాతాకి ఊపిరొస్తుంది. కేటరింగ్ వాళ్లకో డెకరేషన్ వాళ్లకో ఏడాది లీజుకిస్తే మీకు వచ్చేది తగ్గుతుంది, కిస్తీలో కొంత ఎప్పుడూ జేబులోంచి వేయాల్సి వస్తుంది. బదులుగా ఏసీ ఆగితే కేకలు వినేది మీరు కాదు. మీ రెండు పనులు ఒకే రాత్రి గొంతు మీద కూర్చున్నాయని మీరే రాశారు. పెళ్లిళ్ల సీజను, చెరువులో ఆక్సిజన్ పడిపోయే ఎండాకాలపు రాత్రులు ఏటా ఒకే సమయంలో వస్తాయి. బావమరిదిని వడ్డనకి పిలిచింది మీరే కాబట్టి ఆ చెరువు అతని ఖాతాలో వేయకండి. అతనికి లాభంలో ఇంత అని కాగితం మీద రాసిచ్చి, పంట కాలంలో చెరువు దాటి రావొద్దని చెబితే అతను నిలబడతాడని నాకనిపిస్తోంది. ఇప్పుడతను అక్క మొగుడికి సాయం చేస్తున్న మనిషి, అంతే.

ఐసు ఫ్యాక్టరీ విషయంలో తొందరపడొద్దు. కైకలూరు, కొల్లేరు వైపు నుంచి బెంగాల్, అస్సాం వెళ్లే చేపల లారీలకి కూడా ఐసు కావాలి. మీ ఫ్యాక్టరీ అమ్మకాల్లో చేపల వాటా ఎంతుందో పుస్తకంలో తేలితే, రొయ్య మీద ఆధారపడనిది మీ చేతిలో ఇంకొకటి ఉన్నట్టు. ముందు పార్ట్‌నర్‌కి ఊరికే వాడిన ఐసు లెక్క కట్టి ఇచ్చేయండి, అడగకముందే.

లేసు విషయంలో మీరు చేయగలిగింది పెద్దగా లేదు, అందులో చేయి పెట్టకపోవడమే మేలు. ఆమె పేరున ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) లేకపోతే చేయించండి. సూక్ష్మ, చిన్న తరహా యూనిట్ల సరుకుకి కొన్నవాళ్లు, ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల లోపు డబ్బు కట్టాలని చట్టం. దాటితే ఆ ఖర్చు కట్టేదాకా వాళ్ల ఆదాయ పన్ను లెక్కలో మినహాయింపు కూడా రాదు. ఎగుమతిదారు ఆలస్యం చేసినప్పుడు ఈ మాట చెప్పడానికి ఆమె దగ్గర కాగితం ఉంటుంది. హాలు కిస్తీకి అందులోంచి తీసిన డబ్బు ఆమెకి అప్పుగా రాసిపెట్టండి.

ఇక ఊళ్లో తల ఎత్తుకోవడం. ఈ భయం చిన్నదని నేను అనను. మన వైపు మనిషికి బోర్డు అంటే ఏమిటో నాకు తెలుసు. కానీ 2011లో కోనసీమ రైతులు సార్వా నాట్లు మానేసి పంట విరామం అని బాహాటంగా ప్రకటించారు. తరాలుగా వరి వేసినవాళ్లు, గిట్టుబాటు కావడం లేదని చెప్పి చేలు బీడు పెట్టారు. వాళ్లని ఎవరూ చేతగానివాళ్లు అనలేదు. మీరు 12 ఎకరాల లీజు వదిలితే మీ ఊళ్లో నాలుగు రోజులు మాట్లాడుకుంటారు, ఐదో రోజు ఎవరో అదే పని చేస్తారు. అప్పుల వాళ్లు గుమ్మంలో కూర్చుంటే మాత్రం ఆ మాట నాలుగు రోజుల్లో ఆగదు.

పుస్తకాలు నిండాక మళ్లీ రాయండి. ఈసారి అంకెలతో రాయండి, కుదిరితే మీ ఆవిడ చేత కూడా ఓ పేజీ రాయించండి. మిగిలిన చెరువుల్లో ఇంకా పంట ఉంది కదా, ఈలోగా ఆ జనరేటర్‌కి కొత్త బ్యాటరీ వేయించండి. రోజూ సాయంత్రం ఒకసారి స్టార్ట్ చేసి చూడమని కాపలా కుర్రాడికి చెప్పండి.